చుక్కలు లెక్కపెట్టండి, తడి దూరం పెట్టండి

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, సుగంధ తైలాలతో ఇంట్లోనే స్నానపు పొడులు, ఒంటి నూనెలు చేసుకోవడం గురించి జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు అడిగారు కాబట్టి రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఇంకేమీ తీయలేదు.

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పెద్దవాళ్ళు ఫ్యాను కిందకి రండి. ఉక్కగా ఉంది కదా? ఈ ఉక్క గురించి కూడా ఇవాళ మాట్లాడుకోవాలి.

ముందు ఒక ప్రశ్న. మీలో ఎంతమంది ఇళ్ళల్లో ఈ చిన్న చిన్న తైలం సీసాలు ఉన్నాయి? టీ ట్రీ, లావెండర్, లెమన్‌గ్రాస్ లాంటివి. చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. సరే, ఆ సీసా మూత ఎప్పుడు తీశారో తేదీ రాసి పెట్టుకున్నవాళ్ళు ఎంతమంది? ఇద్దరు. ఇద్దరే. అందుకే ఇవాళ ఈ మాటలు.

నేను చెప్పబోయేవి రెండే విషయాలు. ఒకటి కొలత, రెండోది తడి. ఇంట్లో చేసుకున్నవి మనకి పడకపోతే, నూటికి తొంభై సార్లు అని అంకె చెప్పను గానీ, నేను చూసినంతలో కారణం ఈ రెంటిలో ఒకటే అయి ఉంటుంది. సరుకు మంచిదే, చేసిన మనిషి శ్రద్ధగానే చేసింది. కానీ చుక్కలు ఎక్కువ పడ్డాయి, లేదా ఎక్కడో తడి తగిలింది.

ఒక చిన్న ఒప్పందం చేసుకుందాం. ఇవాళ నేను నూనె అంటే నువ్వుల నూనె, కొబ్బరి నూనె లాంటివి. తైలం అంటే ఈ సీసాల్లోది. ఎందుకంటే రెండూ ఒకటి కావు. నూనె గానుగలో ఆడిస్తే వస్తుంది. తైలం చాలావరకు ఆవిరి పట్టి తీస్తారు. ఆకు మీదుగా, వేరు మీదుగా ఆవిరి పంపి, దాన్ని చల్లబరిస్తే నీళ్ళ మీద తేలేది తైలం. నిమ్మ, కమలా లాంటివాటికి మాత్రం తొక్కని పిండుతారు.

నిమ్మగడ్డి తీసుకోండి. 100 కిలోల పచ్చి గడ్డి బట్టీలో పెడితే వచ్చే తైలం అర కిలో అటూ ఇటూ. అంటే ఇంత మోపు గడ్డి ఒక చిన్న గ్లాసులోకి వచ్చేసింది. గులాబీ అయితే ఒక్క కిలో తైలానికి మూడు నాలుగు వేల కిలోల పూలు కావాలి. ఇప్పుడు చెప్పండి, వంద రూపాయలకి గులాబీ తైలం అని అమ్మితే అందులో ఏముంటుంది? సెంటు ఉంటుంది. సెంటు చెడ్డదని కాదు, బట్టలకి వేసుకోండి. కానీ తైలం అనుకుని ముఖానికి రాయకండి. గంధం తైలం కూడా అంతే, చవగ్గా దొరికితే అది గంధం కాదు.

ఇదిగో, ఇక్కడ ఒక థర్మాకోల్ ముక్క ఉంది. టీవీ కొన్నప్పుడు అట్టపెట్టెలో వచ్చిందే. ముందు వరసలో పిల్లలు దగ్గరికి రండి. దీని మీద కమలా తైలం రెండు చుక్కలు వేస్తున్నాను. చూడండి. చూస్తున్నారా? గుంట పడింది. కరిగిపోతోంది. కమలా తైలంలో నూటికి తొంభై పాళ్ళకి పైగా లిమొనీన్ అనే పదార్థం ఉంటుంది, అది థర్మాకోల్‌ని కరిగించేస్తుంది. మన చర్మం థర్మాకోల్ కాదు, అలా గుంట పడదు. కానీ ఈ చిన్న సీసాలో ఎంత బలం ఉందో కంటితో చూడాలని తెచ్చాను. ఇది చెట్టు నుంచి వచ్చిందే, ఏ ఫ్యాక్టరీలోనూ కలపలేదు. అయినా ఇంత బలం. అందుకే ఇవి గాజు సీసాల్లోనే ఉండాలి, అదీ ముదురు రంగు గాజు.

ఇప్పుడు లెక్క. రాసుకోండి. డ్రాపర్ ఉన్న సీసాలో సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. 100 మిల్లీలీటర్ల నూనెలో 20 చుక్కలు వేస్తే ఒక శాతం. పెద్దవాళ్ళ ఒంటికి ఒక శాతం చాలు, ఎక్కువలో ఎక్కువ రెండు శాతం, అంటే 40 చుక్కలు. ముఖానికి అర శాతం, 10 చుక్కలు. నిమ్మగడ్డి తైలం అయితే ఒంటికైనా సరే 10 చుక్కలు దాటొద్దు, అందులో ఉండే సిట్రాల్ చాలామందికి పడదు. ఇంకొక మాట. అన్ని డ్రాపర్లూ ఒకేలా ఉండవు, ఒక్కో చుక్క ఒక్కో లావు. వట్టివేరు తైలం చిక్కగా ఉంటుంది, చుక్క పెద్దది పడుతుంది. కాబట్టి ఎక్కువ మోతాదులో చేసేవాళ్ళు చిన్న వేయింగ్ మెషీన్ కొనుక్కోండి.

లెక్క వేస్తే ఏం తెలుస్తోంది? ఒక 10 మిల్లీలీటర్ల సీసాలో 200 చుక్కలు. అంటే అది ఒక లీటరు ఒంటి నూనెకి సరిపోతుంది. లీటరు! మరి మనం ఆ సీసాని నెల రోజుల్లో ఎలా ఖాళీ చేస్తున్నాం?

ఎలాగో నేను చెప్తాను. బకెట్లో వేసి. వేడినీళ్ళ బకెట్లో అయిదు చుక్కలు వేస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, బాగుంటుంది. కానీ తైలం నీళ్ళల్లో కలవదు కదా. పైన తేలుతూ ఉంటుంది. మొదటి చెంబు ముంచగానే తేలిందంతా ఆ చెంబులోకి వచ్చేస్తుంది. అది ఎక్కడ పోసుకుంటాం? నెత్తి మీద. కళ్ళల్లోకి, మెడ మీదకి, లేత చోట్లకి నేరుగా తైలమే దిగుతుంది. పిప్పరమెంటు తైలం అలా వేసుకుని మంటకి తట్టుకోలేక పరిగెత్తినవాళ్ళు నాకు తెలుసు. మరి ఏం చెయ్యాలి? తైలాన్ని ముందు ఒక చెంచా నూనెలో కలపండి, ఆ నూనెతో సున్నిపిండి తడుపుకోండి, అది ఒంటికి రుద్దుకోండి. అంతే. బాత్‌టబ్బుల కోసం చెప్పే పద్ధతులు మన బకెట్ స్నానానికి పనికిరావు. నీళ్ళల్లో వేస్తే బుస్సుమని పొంగే ఉండలు ఉంటాయి చూడండి, వంటసోడా, సిట్రిక్ ఆమ్లం కలిపి చేస్తారు. అవి మన ఊళ్ళో చెయ్యకండి. ఈ గాలిలో తేమకి డబ్బాలోనే పొంగిపోతాయి.

అమ్మగారు ఏదో అడుగుతున్నారు. ఏంటమ్మా? మచ్చలకి నిమ్మ తైలం మంచిదంటారు, రాసుకోవచ్చా అని. మంచి ప్రశ్న. దీని దగ్గర కాసేపు ఆగుదాం.

తొక్క పిండి తీసిన నిమ్మ తైలంలో, బెర్గమాట్ అని ఇంకొక నిమ్మజాతి పండు తైలంలో, సోరాలెన్ కుటుంబానికి చెందిన పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే, ఎండ దెబ్బ మామూలు కంటే ఎన్నో రెట్లు పడుతుంది. ఎర్రబడుతుంది, బొబ్బలు రావచ్చు, తర్వాత నల్ల మచ్చ మిగిలిపోతుంది. అంటే మచ్చ పోవాలని రాసుకుంటే మచ్చే వస్తుంది. మన బీచ్ రోడ్డు ఎండలో స్కూటీ మీద వెళ్ళేవాళ్ళు ఆలోచించండి. నిమ్మరసం కూడా ముఖానికి వద్దు. ఆమ్లగుణాన్ని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. చర్మానికి ఉండాల్సింది 5 దగ్గర, నిమ్మరసం 2 దగ్గర. అది చాలా తేడా.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. సోరాలెన్ ఎక్కడో విదేశీ పండులోనే ఉందనుకోకండి. మన సున్నిపిండిలో ఉంది. అవునమ్మా, బావంచాలు. సున్నిపిండిలో బావంచాలు వేసేవాళ్ళు ఎంతమంది? చూశారా, సగం మంది. బావంచాల గింజల్లో సోరాలెన్ పుష్కలంగా ఉంటుంది. బొల్లికి మందుగా మన వైద్యంలో ఎప్పటినుంచో వాడుతున్నది అందుకే. ఇప్పటి చర్మ డాక్టర్లు కూడా బొల్లికి సోరాలెన్ జాతి మందు ఇచ్చి, ఇంతసేపు మాత్రమే వెలుతురు తగలాలని లెక్క కట్టి చెప్తారు. నిమిషాల లెక్క! అంత జాగ్రత్తగా వాడే పదార్థాన్ని మనం గుప్పెడు వేసి, మరలో ఆడించి, ఒళ్ళంతా రుద్దుకుని, పిల్లల్ని ఆటకి పంపేస్తున్నాం. కడిగేసుకుంటాం కాబట్టి చాలామందికి ఏమీ కాదు. కానీ కొందరికి అవుతుంది. సున్నిపిండి పడలేదు, పెసరపిండి పడలేదు అనుకుని మానేస్తారు. పాపం పెసలు ఏం చేశాయి? నేనైతే బావంచాలు వెయ్యను. అత్తగారి కాలం నుంచి వేస్తున్నాం అంటే, కనీసం ముఖానికి, పిల్లలకి వాడే పిండిలో తీసెయ్యండి. మీకు బొల్లి ఉండి వాడాలనుకుంటే డాక్టరు దగ్గరే.

మరి సున్నిపిండిలో ఏం వెయ్యాలి? నా కొలత చెప్తాను. పెసలు అర కిలో, శనగపప్పు పావు కిలో, బియ్యం 100 గ్రాములు. కస్తూరి పసుపు, వట్టివేళ్ళు, తుంగముస్తలు, కచ్చూరాలు, ఎండిన కమలా తొక్కలు, ఒక్కొక్కటి 50 గ్రాములు. ఎండు గులాబీ రేకులు రెండు గుప్పెళ్ళు. ఇవన్నీ పూర్ణా మార్కెట్ దగ్గర మూలికల కొట్లల్లో దొరుకుతాయి. కస్తూరి పసుపు అడిగి మరీ తీసుకోండి, వంట పసుపు ఇచ్చేస్తారు. వంట పసుపు ఒంటికి, తువ్వాలుకి పట్టేస్తుంది. కస్తూరి పసుపు అంతగా అంటదు, కర్పూరం కలిసినట్టు వాసన ఉంటుంది.

ఎండబెట్టడం అన్నిటికంటే ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో చేసుకోండి. వానలు మొదలయ్యాక మన ఊరి గాలిలో ఏదీ ఆరదు. మేడ మీద పొద్దున్న పదికి పెట్టి, మూడింటికల్లా లోపలికి తెచ్చెయ్యండి. సాయంత్రం సముద్రం గాలి తిరిగాక పైన ఉంచితే, పగలంతా ఆరింది మళ్ళీ మెత్తబడుతుంది. మూడు నాలుగు రోజులు అలా చెయ్యండి. కమలా తొక్క విరిస్తే ఫట్‌మని విరగాలి, వంగకూడదు. వంగితే ఇంకా తడి ఉన్నట్టే.

వట్టివేళ్ళని ముందే కత్తెరతో చిన్న ముక్కలు చెయ్యండి. పొడుగ్గా వేస్తే మరలో చుట్టుకుంటాయి, మరతను కోప్పడతాడు. కారం ఆడించిన వెంటనే మీ పిండి వెయ్యనివ్వకండి. బియ్యం ఆడించాక వెయ్యమనండి, మొదట వచ్చిన గుప్పెడు పక్కన పెట్టెయ్యండి. ఇంటికి తెచ్చాక పల్చటి గుడ్డలో జల్లించాలి. బియ్యపు రవ్వ మిగిలిపోతే ముఖం మీద గీసుకుంటుంది. పిండి చల్లారాక స్టీలు డబ్బాలో పొయ్యండి. వేడిమీద మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది. బాత్‌రూములోకి వారానికి సరిపడా చిన్న సీసాలో తీసుకెళ్ళండి, పెద్ద డబ్బా అక్కడ పెట్టొద్దు. తడి చెయ్యి దూరిందా, వారంలో పురుగు, లేదా బూజు. పాలో పెరుగో అప్పటికప్పుడు కలుపుకోవాలి, ముందే కలిపి ఉంచకూడదు.

ఇక తడి విషయానికి పూర్తిగా వచ్చేశాం. సూక్ష్మజీవులకి నీళ్ళు కావాలి. నీళ్ళు లేని చోట అవి పెరగవు. ఒట్టి నూనె నెలల తరబడి ఉంటుంది, ఒట్టి పొడి ఉంటుంది. నీళ్ళు కలిసిన క్షణం నుంచి లెక్క మారుతుంది. కలబంద గుజ్జు, పన్నీరు అంటే రోజ్ వాటర్, గ్రీన్ టీ, ఇవన్నీ నీళ్ళే. కలబంద గుజ్జులో తైలం వేసి గిలకొట్టి సీసాలో పోసుకున్నారనుకోండి, ఫ్రిజ్‌లో పెట్టినా నాలుగైదు రోజులు, అంతే. బయట పెడితే మర్నాటికే నమ్మకం లేదు. రంగు మారలేదు, వాసన రాలేదు, బాగానే ఉంది కదా అంటారు. సూక్ష్మజీవులు కంటికి కనపడేంత అయ్యేసరికి చాలా ఆలస్యమైపోతుంది.

విటమిన్ ఇ క్యాప్సూల్ వేశామండీ, పాడవదు అంటారు. విటమిన్ ఇ నూనె కనరు వాసన రాకుండా కాపాడుతుంది. సూక్ష్మజీవుల్ని ఆపదు. టీ ట్రీ తైలం వేశాం కదా అంటారు. మనం వేసే కొద్దిపాటి మోతాదులో అదీ ఆపలేదు, ఆపేంత వేస్తే మీ చర్మం ఒప్పుకోదు. నీళ్ళున్న క్రీము నిలవ ఉండాలంటే ప్రిజర్వేటివ్ కావాలి, దానికి కొలత కావాలి, శుభ్రత కావాలి. అందుకని ఇంట్లో చేసుకునేవాళ్ళకి నా సలహా ఒకటే. నీళ్ళ క్రీముల జోలికి వెళ్ళకండి. నూనెలు, పొడులు, మైనంతో చేసేవి, వీటితోనే కావలసినంత చేసుకోవచ్చు. కలబంద కావాలా? మొక్క పెట్టుకోండి. ఆకు కోసి నిలబెట్టి పసుపు జిగురు కారిపోనివ్వండి, ఆ జిగురు దురద పెడుతుంది. తర్వాత గుజ్జు తీసి అప్పుడే రాసేసుకోండి.

మన వేడికి సరిపడేవి కూడా చూసుకోవాలి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఊళ్ళో అది గడ్డకట్టేది ఎన్ని రోజులు? డిసెంబరు, జనవరిల్లో కొన్ని తెల్లవారుజాములు. చలి దేశాల వీడియోలు చూసి కొబ్బరి నూనెతో బాడీ బటర్ చేస్తే ఇక్కడ అది నూనే. పెదాలకి రాసుకునే బామ్ మన దగ్గర గట్టిగా నిలవాలంటే తేనెమైనం 25 గ్రాములు, కోకం బటర్, అంటే కోకం గింజల గట్టి కొవ్వు, 25 గ్రాములు, నువ్వుల నూనె 50 గ్రాములు. తేనెమైనం 62 డిగ్రీలకి గానీ కరగదు, కోకం బటర్ 38 దాటాలి. గిన్నెలో నీళ్ళు మరిగించి, అందులో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. పై గిన్నెలోకి ఆవిరి నీటి చుక్క పడకుండా చూసుకోండి. పెదాలకి తైలం అక్కర్లేదు. కావాలంటే ఈ మొత్తానికి పిప్పరమెంటు అయిదు చుక్కలు.

ఒంటి నూనెకి గానుగ నువ్వుల నూనె వాడతాను. తొందరగా కనరెక్కదు, భోగికీ దీపావళికీ తలంటుకి మన ఒంటికి అలవాటైన నూనె. 100 మిల్లీలీటర్లకి లావెండర్ 12 చుక్కలు, వట్టివేరు 8 చుక్కలు. అయితే ఇది చలికాలానికి. మే నెల ఉక్కలో ఒంటికి నూనె పట్టిస్తే చెమట బయటకి పోదు, చెమటకాయలు ఇంకా పేలతాయి. అప్పుడు నూనెలు వద్దు. రాత్రి ఒక వట్టివేళ్ళ కట్ట కడిగి బకెట్ నీళ్ళల్లో నానబెట్టి, పొద్దున్న ఆ నీళ్ళే పోసుకోండి. మొటిమలున్న ముఖానికి ఏ కాలంలోనూ కొబ్బరి నూనె వద్దు.

ఏది చేసినా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి రెండు రోజులు చూడండి. తైలం సీసా మీద మూత తీసిన తేదీ రాయండి. నిమ్మజాతి తైలాలు, టీ ట్రీ ఏడాది దాటితే ఒంటికి వాడకండి. గాలి తగిలి పాతబడిన తైలం వాసన పోయి ఊరుకోదు, దద్దుర్లు తెప్పించే గుణం పెరుగుతుంది. ఇంట్లో అల్మరా దులుపుకోండి. పాతవి నేల తుడిచే నీళ్ళల్లో వాడెయ్యండి. పిల్లులు, కుక్కలు ఉన్న ఇళ్ళల్లో టీ ట్రీ మాత్రం నేలకి కూడా వద్దు, వాటికి విషం.

పిల్లల మాట చెప్పకుండా ముందుకి వెళ్ళను. జలుబు చేస్తే కొబ్బరి నూనెలో ముద్దకర్పూరం కరిగించి పసిపిల్లల గుండెలకి రాసే అలవాటు మనకి ఉంది. దయచేసి మానెయ్యండి. కర్పూరం కడుపులోకి వెళ్తే చిన్నపిల్లలకి ఫిట్స్ వస్తాయి, కొంచెం వెళ్ళినా చాలు. చర్మం నుంచి కూడా ఒంట్లోకి దిగుతుంది. నీలగిరి తైలం కూడా అంతే ప్రమాదం. పిప్పరమెంటు తైలం పసిపిల్లల ముక్కు దగ్గర పెడితే ఊపిరి పట్టేసే ప్రమాదం ఉంది. రెండేళ్ళ లోపు పిల్లలకి ఏ తైలమూ వద్దు, ఒట్టి నూనె చాలు. గర్భిణులు డాక్టర్ని అడక్కుండా ఏదీ వాడొద్దు. సీసాలన్నీ మందుల సీసాలతో పాటు పై అరలో పెట్టండి. పిల్లలు మింగితే వాంతి చేయించే ప్రయత్నం చెయ్యకండి, సీసా పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

సబ్బు గురించి చెప్పమంటున్నారు. కాస్టిక్ సోడా లేకుండా సబ్బు లేదు. అది మాటల్లో నేర్పేది కాదు, పక్కన నిలబడి చేయించాలి. నేర్చుకునే దాకా గుర్తుంచుకోండి, కాస్టిక్‌ని నీళ్ళల్లో వెయ్యాలి, నీళ్ళని కాస్టిక్ మీద పొయ్యకూడదు. అల్యూమినియం గిన్నె వాడకూడదు. కళ్ళకి రక్షణ అద్దాలు, చేతికి గ్లవ్స్ లేకుండా చెయ్యకూడదు. అంతవరకు సోప్ బేస్, అంటే ముందే తయారైన సబ్బు ముద్ద, కొని కరిగించుకోండి. గడ్డకట్టిన వెంటనే బిళ్ళల్ని కవరులో చుట్టెయ్యండి, లేకపోతే అందులోని గ్లిజరిన్ మన గాలిలో తేమ లాక్కుని చెమటలు కారుస్తుంది. తలకి మాత్రం కుంకుడుకాయ, శీకాయ ఉండగా వేరేది ఎందుకు? మన్యంలో గిరిజనులు సేకరించినవి జీసీసీ, అంటే గిరిజన సహకార సంస్థ, కొట్లల్లో దొరుకుతాయి. 1956లో పెట్టిన సంస్థ, హెడ్ ఆఫీసు మన విశాఖలోనే. అక్కడ కొంటే కోసినవాళ్ళకి నాలుగు డబ్బులు చేరతాయి.

చివరి ప్రశ్న. వాట్సాప్ గ్రూపులో పెట్టి అమ్ముకోవచ్చా? ఇంట్లోవాళ్ళకి చేసుకోవడం వేరు, అమ్మడం వేరు. అమ్మడానికి సౌందర్య సాధనాలు తయారుచెయ్యాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ శాఖ నుంచి లైసెన్సు తీసుకోవాలి. సున్నిపిండి అయినా ఒంటికి వాడేదే కదా. ఆడవాళ్ళు నాలుగు డబ్బులు సంపాదించుకోవాలని నాకూ ఉంది, చాలా ఉంది. అందుకే చెప్తున్నాను, నలుగురు కలిసి ఆ దారిలోనే వెళ్ళండి. మీరు చేసింది ఎవరో పసిబిడ్డకి రాస్తారు. ఏం వేశారో, ఎంత వేశారో, ఎప్పుడు చేశారో సీసా మీద ఉండాలి.

ఇప్పుడు ఆ బల్ల దగ్గరికి వెళ్దాం. నువ్వుల నూనె, తైలాలు, వేయింగ్ మెషీన్ అన్నీ పెట్టాం, ఒక్కొక్కరు 50 మిల్లీలీటర్లు కలుపుకుని పట్టుకెళ్ళండి. 50కి ఎన్ని చుక్కలో ఎవరు చెప్తారు? పది. సరే, అక్కడ కుళాయి ఉంది, చేతులు కడుక్కుని, తుడుచుకుని, బాగా ఆరాక రండి. సీసాలు మాత్రం పొడివే తీసుకోండి, తడివి ఎడమ పక్క బోర్లించి ఉన్నాయి.